‘జి’ దగ్గర పడిన కత్తెర

పీనల్ కోడ్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్యాల చట్టం, చిల్లర చట్టాలు అన్నీ కలిపి 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగంలోని ఇతర విషయాలు 12. దర్యాప్తులో శాస్త్రీయ, ఫోరెన్సిక్ పద్ధతులు 6. కమ్యూనిటీ పోలీసింగ్ 6. బస్తర్ సంస్కృతి, ఆచారాలు 9. తుపాకి పట్టడం, ప్రథమ చికిత్స, కవాతు, యోగా వేరే. స్పెషల్ పోలీసు ఆఫీసర్లకు, అంటే ఎస్పీవోలకు, రెండు నెలల్లో ఏమేం నేర్పుతున్నామో చెబుతూ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పజెప్పిన లెక్క ఇది. నేర్చుకునే కుర్రాళ్లకు ఐదో తరగతి చదువు చాలు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. చేతికి తుపాకి. దాంతోపాటు పైకి కనిపించని సరుకు ఇంకొకటి కూడా ఇచ్చారు: మామూలు పోలీసుకున్న అధికారాలన్నీ. వారంటు లేకుండా మనిషిని పట్టుకునే అధికారం అందులో ఒకటి.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ఇచ్చిన సల్వా జుడుం తీర్పు ఈ లెక్కను ఎలా చదివిందో చూడటం కోసమే ఈ పరిచయం. కేసు పేరు నందినీ సుందర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. ఆ తీర్పు మొదటి పేజీల్లో కోపం ఉంది. ఆ కోపాన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు, ఇప్పటికీ తిడుతున్నవాళ్లూ ఉన్నారు. నన్ను మళ్లీమళ్లీ అక్కడికి లాక్కెళ్లేది మాత్రం దాని నడుమ భాగం. ప్రభుత్వం ఇచ్చిన కాగితాలనే ముందు పెట్టుకుని, అందులో ఒక్క అంకెనూ కాదనకుండా, ఆ అంకెలతోనే ప్రభుత్వ వాదాన్ని మేకు మేకుగా ఊడదీశారు. న్యాయశాస్త్రం చదవని పాఠకుడికి కూడా ఆ పనితనం అందుతుంది.

ముందు ఈ కేసు పుట్టిన నేల ఎలాంటిదో ఒక ఊరి ద్వారా చూద్దాం. మరైగూడ మనకు మరీ పరాయి చోటేమీ కాదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, లక్ష్మీనగరం మీదుగా వెళ్తే రాష్ట్రం మారగానే తగిలే ఊరు. ఇవాళ సుక్మా జిల్లా, కోంటా తహసీలు. సుక్మా 2012లో గానీ జిల్లా కాలేదు కాబట్టి తీర్పు వచ్చేనాటికి అదంతా దంతెవాడ కిందే ఉండేది. ఊళ్లో పోలీసు స్టేషనుంది. చుట్టుపక్కల కోయలు, దోర్లలు. సంతకైనా, ఆసుపత్రికైనా, మిర్చి కోతలకైనా ఇటువైపే వస్తారు. మడకం, సోడి, మడివి లాంటి ఇంటిపేర్లు సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి.

2005 జూన్‌లో బీజాపూర్ వైపు మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వా జుడుం కొద్ది నెలల్లో కోంటా ప్రాంతానికి పాకింది. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. పెట్టించుకోనివాళ్లు వేల సంఖ్యలో సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, వెంకటాపురం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మన పత్రికలు వాళ్లను గుత్తికోయలని రాశాయి. శిబిరానికి వచ్చినవాడు జుడుం మనిషి, రానివాడు దాదాల, అంటే మావోయిస్టుల, మనిషి. మధ్యలో నిలబడటానికి చోటు లేదు.

అలాంటి చోట అరెస్టు ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఎక్కడో హర్యానా నుంచో తమిళనాడు నుంచో వచ్చిన సీఆర్‌పీఎఫ్ జవానుకు కోయ మాట రాదు, తెలుగు రాదు. సంతలో కల్లు తాగుతున్న పదిమందిలో ఎవడు ఎవడో తెలియదు. పక్కనున్న ఎస్పీవోకు తెలుసు. అతను వేలు చూపిస్తే అదే వారంటు. ఆ వేలు చూపించే కుర్రాడిది కూడా పక్క ఊరే. అతని అన్నను మావోయిస్టులు చంపి ఉండొచ్చు. లేదా ఆ పదిమందిలో ఒకడితో అతని ఇంటికి పొలం గట్టు తగాదా ఉండొచ్చు.

వారంటు లేని అరెస్టు మన చట్టానికి కొత్తేమీ కాదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ మామూలు కానిస్టేబుల్‌కు కూడా ఆ అధికారం ఇస్తున్నాయి. అయితే దాని చుట్టూ కంచె ఉంది. అనుమానం సహేతుకమైనదై ఉండాలి. 2010 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో కారణం రాసిపెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం పట్టుకున్నవాడికి కారణం చెప్పాలి, వకీలుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో రాయమంది, దాని మీద సాక్షి సంతకం పెట్టించమంది, బంధువులకు కబురు చేయమంది, పట్టుకునేవాడి పేరు కనిపించే బ్యాడ్జి ఉండాలంది. సుదర్శన్ రెడ్డి తీర్పు ఈ సెక్షన్లన్నిటినీ వరసపెట్టి విప్పదు. ఆ టైంటేబులు పక్కన నేను వీటిని పెట్టుకుని చదివాను. చదివితే తేలేది ఒకటే: ఈ కంచెలో ప్రతి కర్రకూ రాయడం, చదవడం, ఆగి ఆలోచించడం కావాలి.

సైన్యానికి ఈ అధికారం ఇచ్చిన చట్టంతో పోల్చి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం బస్తర్‌లో అమల్లో లేదు. ఈశాన్యంలో దాన్నెంత తిట్టుకున్నారో లోకానికి తెలుసు. నేనూ తిట్టేవాళ్లలో ఒకణ్ణి. అయినా దాని 4వ సెక్షన్ తీసి చూడండి. కాల్చే అధికారం, వారంటు లేకుండా పట్టుకునే అధికారం దళంలోని ప్రతి సిపాయికీ ఇవ్వలేదు. కనీసం నాన్‌కమిషన్డ్ ఆఫీసరై ఉండాలి. 5వ సెక్షన్ ప్రకారం పట్టుకున్నవాణ్ణి వీలైనంత త్వరగా దగ్గరి పోలీసు స్టేషనుకు అప్పగించాలి. 1997లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, సైన్యం తన జవాన్లకు ఇచ్చుకున్న ‘చేయదగినవి, చేయకూడనివి’ జాబితాను పాటించి తీరాలని కట్టడి చేసింది. అంత కఠినమైన చట్టం కూడా హోదా చూసి గానీ అధికారం ఇవ్వలేదు. ఛత్తీస్‌గఢ్ 2007 పోలీసు చట్టం 9వ సెక్షన్‌కు ఆ పట్టింపు లేదు. జిల్లా ఎస్పీ రాతపూర్వక ఉత్తర్వుతో ‘ఏ వ్యక్తినైనా’ ఎస్పీవోగా పెట్టుకోవచ్చు. పెట్టుకున్న మరుక్షణం అతనికి మామూలు పోలీసు అధికారాలూ రక్షణలూ వచ్చేస్తాయి.

పోలీసు అధికారానికి కంచె ఉండాలన్న ఈ గొడవ తెలుగు నేల మీద పాతదే. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పటి నుంచి పౌరహక్కుల సంఘం వాదిస్తూ వచ్చింది ఇదే. కన్నబిరాన్ కోర్టుల్లో నిలబడి వాదించారు, బాలగోపాల్ ఊళ్లు తిరిగి నివేదికలు రాశారు. సుదర్శన్ రెడ్డిది రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారం. కన్నబిరాన్ వాదించిన హైకోర్టులోనే ఆయనా వకీలుగా ఎదిగారు. 1995లో అక్కడే జడ్జి అయ్యారు. 2005 చివర్లో గౌహతి హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. మణిపూర్, నాగాలాండ్ కూడా అప్పుడు ఆ హైకోర్టు కిందే ఉండేవి. 2007 జనవరిలో సుప్రీంకోర్టుకొచ్చారు.

పిటిషన్ వేసింది ముగ్గురు: ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన ఇ.ఎ.ఎస్. శర్మ. శర్మ కేంద్రంలో కార్యదర్శి హోదాలో పనిచేసిన ఐఏఎస్ అధికారి. ప్రభుత్వ ఫైళ్లు ఎలా మాట్లాడతాయో, ఎక్కడ మాట దాటేస్తాయో తెలిసిన మనిషి. ముగ్గురూ 2006లో ఒక స్వతంత్ర పౌర బృందంలో భాగంగా దంతెవాడ చూసొచ్చి నివేదిక రాశారు, 2007లో కోర్టుకెళ్లారు. అదే ఏడాది కోంటా ప్రాంతం నుంచి కర్తం జోగా, మరో ఇద్దరు ఇంకో పిటిషన్ వేశారు. జోగా స్థానిక సీపీఐ నాయకుడు. 2010 ఏప్రిల్‌లో తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయిన దాడికి సంబంధించి అదే ఏడాది సెప్టెంబరులో ఆయన్ను అరెస్టు చేశారు. రెండేళ్లకు పైగా జైల్లో ఉంచారు. 2013 జనవరిలో కోర్టు నిర్దోషి అంది. పోలీసు అధికారాల దుర్వినియోగం మీద సుప్రీంకోర్టుకెక్కినవాడు, ఆ కేసులో తీర్పు వచ్చిననాడు జైల్లో ఉన్నాడు.

ఇక పనితనంలోకి వెళ్దాం.

ఇలాంటి కేసుల్లో పిటిషనర్లు ఇళ్లు తగలబెట్టారని, చంపారని, చెరిచారని చెబుతారు. ప్రభుత్వం కాదంటుంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి కమిషన్ వేస్తారు, కమిటీ వేస్తారు, ఏళ్లు గడుస్తాయి. ఇక్కడా కొంత అలాగే నడిచింది. 2008లో కోర్టు జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను విచారించమంది, అది నివేదిక ఇచ్చింది, దాని మీద వాదాలు సాగాయి. సుదర్శన్ రెడ్డి ఈ ఊబిని చుట్టి వెళ్లే దారి ఎంచుకున్నారు. ఎస్పీవోలు ఏ ఊళ్లో ఏం చేశారన్నది కాసేపు పక్కన పెడదాం, వాళ్ల గురించి మీరే ప్రమాణం చేసి చెప్పిన సంగతులు తీసుకుందాం, అవి నిజమే అనుకుందాం, అప్పుడు ఏం తేలుతుంది? ఇదీ ఆయన వరస. వాదనలో ఎదుటివాడి సరుకునే వాడుకోవడం పాత విద్యే గానీ, ఇంత ఓపికగా వాడిన తీర్పులు తక్కువ.

మొదటిది ఆ టైంటేబులే. ధర్మాసనం దాన్ని ఎగతాళి చేయలేదు. పీరియడ్లను యథాతథంగా తీర్పులోకి ఎక్కించింది. తర్వాత అడిగింది: ఐదో తరగతి చదివిన కుర్రాడికి ఇన్ని చట్టాలను ఇంత వ్యవధిలో నేర్పితే, ఆత్మరక్షణ ఎక్కడ ముగుస్తుందో, బలప్రయోగం ఎక్కడ నేరమవుతుందో తుపాకి పట్టుకున్న క్షణంలో అతను తేల్చుకోగలడా? వకీళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకునే తేడాలవి. కుర్రాళ్లు తెలివితక్కువవాళ్లని తీర్పు ఎక్కడా అనదు. చదువు చెప్పించని రాజ్యమే ఆ చదువు లేనివాళ్లను వెతికి మరీ తెచ్చి, చదువు అవసరమైన పనిలో పెట్టిందంటుంది. ఈ తేడా చిన్నదిగా కనిపించొచ్చు. ఆదివాసుల గురించి జాలిపడుతూ రాసే బోలెడు రాతల్లో లేని మర్యాద ఇందులో ఉంది.

రెండోది ప్రభుత్వం తరఫు బలమైన వాదం. ఎస్పీవోలు యుద్ధం చేసేవాళ్లు కారు, దారి చూపేవాళ్లు, భాష తెలిసినవాళ్లు, మావోయిస్టులను గుర్తుపట్టేవాళ్లు. తుపాకి ఇచ్చింది ఆత్మరక్షణకే. మరైగూడ లాంటి చోట భాష ఎంత పెద్ద సంగతో తెలిసినవాడెవడూ ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టేయలేడు. ధర్మాసనం కూడా కొట్టేయలేదు, ఒప్పుకుంది. ఒప్పుకుని ఇంకో అడుగు వేసింది: వాళ్లు అంత విలువైన సమాచారం మోసేవాళ్లయితే, మావోయిస్టులు మొదట గురిపెట్టేది వాళ్లనే కదా? మామూలు పోలీసుకన్నా వాళ్ల ప్రాణానికే ముప్పు ఎక్కువ కదా? మరి తక్కువ శిక్షణ, తక్కువ జీతం, తాత్కాలిక ఉద్యోగం వాళ్లకే ఎందుకు?

ఇక్కడే అంకెలు తెచ్చింది. 173 మంది ఎస్పీవోలు ప్రాణాలర్పించారని ప్రభుత్వం గర్వంగా రాసుకుంది. 3,000 మంది ఉన్న బలగం ఏడాదిలోనే 6,500 అయిందని కూడా అదే కాగితాల్లో ఉంది. మామూలు బలగాల సంఖ్య, వాళ్లలో చనిపోయినవాళ్ల సంఖ్య కూడా ప్రభుత్వమే ఇచ్చింది. ధర్మాసనం రెండు నిష్పత్తులనూ పక్కపక్కన పెట్టింది. ఎస్పీవోల మరణాల రేటు మామూలు బలగాల రేటుకు కొన్ని రెట్లుంది. దారి చూపేవాళ్లు ఇంతమంది చావడానికి కారణం రెండే కావచ్చు. వాళ్లను ముందు వరసలో పెట్టి పోరాడిస్తుండాలి, లేదా సరైన శిక్షణా ఆయుధాలూ లేకుండా అంతకన్నా ప్రమాదంలోకి నెడుతుండాలి. ఏదైనా ప్రభుత్వం చెప్పిన మాట నిలవదు. ఒక్క సాక్షిని పిలవకుండా, ఒక్క శవపరీక్ష నివేదిక తెరవకుండా తేల్చిన సంగతి ఇది. ఇంత చక్కని భాగహారం నేను ఇంకే తీర్పులోనూ చూడలేదు.

మూడోది పగ. చాలామంది ఎస్పీవోలు మావోయిస్టు హింసకు బలైన కుటుంబాలవాళ్లేనని, అందుకే వాళ్లకు పట్టుదల ఉంటుందని ప్రభుత్వం చెప్పుకుంది. ఆ ఒక్క వాక్యమే ప్రభుత్వాన్ని ముంచింది. పగతో రగిలేవాడు అధికారం చేతికొచ్చాక చల్లటి బుర్రతో ఆలోచించగలడా? ఊళ్లో పాత కక్షలు, తగాదాలు తీర్చుకోవడానికి ఎవణ్ణయినా మావోయిస్టని చూపించడని నమ్మకమేమిటి? తీర్పు ఇది అడిగినప్పుడు నాకు సంతలో చూపించిన ఆ వేలే గుర్తొస్తుంది. వారంటు అనే కాగితం పుట్టిందే అందుకు. పట్టుకునేవాడికీ పట్టుబడేవాడికీ మధ్య, ఏ పక్షమూ కాని మూడో మనిషి, మేజిస్ట్రేటు, ఒకసారి చూడాలి. ఆ మూడో మనిషిని తప్పించే అధికారాన్ని, పగ ఉందని నువ్వే చెబుతున్నవాడి చేతిలో పెడితే ఎలా?

నాలుగోది తిరిగిచ్చే తుపాకి. ఎస్పీవోలు తాత్కాలికులు. పని ముగిశాక ఆయుధాలు వెనక్కి ఇమ్మంటే? ఊళ్లోకి వెళ్తే మావోయిస్టులు చంపుతారు, శిబిరంలో ఉంటే జీతం లేదు. ప్రాణభయంతో ఉన్న కుర్రాడు తుపాకి ఇస్తాడా? ఇవ్వకపోతే, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని సాయుధ గుంపులు అడవిలో తిరుగుతాయి. ప్రభుత్వ కాగితాల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికి, లేదని ధర్మాసనం రాసింది.

ఈ నాలుగు మెట్లూ ఎక్కాక రాజ్యాంగ అధికరణాలు వాటంతటవే వచ్చి నిలబడతాయి. 14వ అధికరణం సమానత్వం. అసమానులను సమానులుగా చూడటం కూడా దానికి విరుద్ధమే. చదువూ శిక్షణా సమానంగా లేని కుర్రాళ్లకు పూర్తి శిక్షణ పొందిన పోలీసు చేసే పనే అప్పగించడం అదే. 21వ అధికరణం ప్రాణం, స్వేచ్ఛ. ఇక్కడ తీర్పు చేసిన పని చాలామంది గమనించరు. ఎస్పీవోల చేతుల్లో పడిన ఊరివాళ్ల ప్రాణాలను చెప్పినంత గట్టిగా, ఎస్పీవోల సొంత ప్రాణాల గురించీ చెప్పింది. వాళ్లను నేరస్తులుగా చూడదు. ఆలోచించి ఒప్పుకోగల స్థితి లేనివాళ్ల ఒప్పుకోలుతో రాజ్యం తుపాకి గుండ్లకు ఎర వేసిన పిల్లలుగా చూస్తుంది.

అసలు కత్తెర ఇంకా ముందుంది. ధర్మాసనం కావాలనుకుంటే 9వ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు వరదలొచ్చినా, జాతర జరిగినా స్పెషల్ పోలీసులను పెట్టుకునే వీలు కూడా పోయేది. 1861 నాటి పోలీసు చట్టంలో బ్రిటిష్‌వాళ్లు కూడా స్పెషల్ పోలీసులను పెట్టుకున్నారు. కానీ ఆ 17వ సెక్షన్‌లో షరతులున్నాయి. అల్లర్లు జరిగి ఉండాలి లేదా జరుగుతాయన్న భయం ఉండాలి, ఉన్న బలగం చాలకపోవాలి, పోలీసు అధికారి అడగాలి, మేజిస్ట్రేటు నియమించాలి. వలస పాలకుల చట్టంలో మేజిస్ట్రేటు ఉన్నాడు. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ చేసిన చట్టంలో ఆ మేజిస్ట్రేటూ లేడు, ఆ షరతులూ లేవు. ధర్మాసనం ఈ రెండింటినీ పోల్చి చూపించింది, గొంతు పెంచకుండా.

తర్వాత అదే చట్టం 23వ సెక్షన్ తెరిచింది. పోలీసు చేయాల్సిన పనుల జాబితా అది, అక్షరాల వరసలో. ‘ఏ’ చట్టాన్ని అమలుచేయడం, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటం. ‘బి’ నేరాలు జరగకుండా చూడటం. ‘సి’ ప్రజా శాంతి. ‘డి’ అంతర్గత భద్రత, తీవ్రవాద కార్యకలాపాల అదుపు. ‘ఇ’ ప్రభుత్వ ఆస్తులు. ‘ఎఫ్’ నేరాలు కనిపెట్టి నేరస్తులను కోర్టుకు తేవడం. ‘జి’ చట్టప్రకారం పట్టుకోదగినవాళ్లను, తగిన కారణాలున్నప్పుడు అరెస్టు చేయడం. ‘హెచ్’ ప్రకృతి వల్లో మనుషుల వల్లో విపత్తు వస్తే జనానికి సాయపడటం. ‘ఐ’ జనం, వాహనాల రాకపోకలు, ట్రాఫిక్. ‘జె’ సమాచార సేకరణ. ఇంకా ఉంది.

ఎస్పీవోలు ‘హెచ్’, ‘ఐ’ పనులు చేయొచ్చు, మిగిలినవేవీ చేయకూడదు. చేయిస్తే రాజ్యాంగ విరుద్ధం. ఇదీ తీర్పు. పెద్దవాడి చొక్కాను దర్జీ చిన్నవాడి ఒంటికి దించినట్టు, 9వ సెక్షన్ బట్ట చింపకుండా కొలత తగ్గించారు. కత్తెర ఒక అంచున సరిగ్గా ‘జి’ పక్కన, అరెస్టు అనే మాట పక్కన పడింది. రెండో అంచున ‘జె’కి ముందు పడింది, అంటే దారి చూపే పని, గుర్తుపట్టే పని, గూఢచారి పని కూడా పోయాయి. వరదలో మునిగినవాణ్ణి ఎస్పీవో ఒడ్డుకు చేర్చొచ్చు, సంతలో బండ్లను దారిలో పెట్టొచ్చు. వేలు చూపించకూడదు. గతంలో హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్నవాళ్లు ఈ రెండు పనులకూ పనికిరారు. ఒక్క సెక్షన్‌నూ పూర్తిగా కొట్టేయకుండా ఇంత పని చేయించడం చేయితిరిగినవాళ్లకే సాధ్యం.

ఆదేశాలూ అంతే గట్టిగా రాశారు. మావోయిస్టులను అదుపు చేసే ఏ పనిలోనూ ఎస్పీవోలను ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వాడొద్దు. కేంద్రం దానికి డబ్బివ్వొద్దు. శాంతిభద్రతలు రాష్ట్రం చూసుకునేవి, ఎస్పీవోల సంఖ్యకు పరిమితి ఆమోదించి గౌరవ వేతనం తిరిగి చెల్లించడం వరకే మా పాత్ర అని కేంద్రం చెప్పుకుంటే ధర్మాసనం దాన్ని ఒప్పుకోలేదు. ఎస్పీవోలకిచ్చిన ప్రతి ఆయుధాన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆయుధాలు పోయాక వాళ్లకు ముప్పు కాబట్టి వాళ్లకు రక్షణ ఇవ్వాలి. ఈ చివరి మాట రాసిన చేతికి మళ్లీ దండం పెట్టాలనిపిస్తుంది. సల్వా జుడుం, కోయ కమాండోలు ఏ పేరుతో ఉన్నా, చట్టాన్ని చేతుల్లోకి తీసుకునే గుంపులను ఆపాలి. 2011 మార్చిలో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడ్‌మెట్లలో జరిగిన దహనకాండ మీద, దోర్నపాల్‌లో స్వామి అగ్నివేశ్ మీద జరిగిన దాడి మీద సీబీఐ విచారించాలి.

లోపాలు లేవా? ఉన్నాయి. తీర్పు మొదట్లోనే జోసెఫ్ కాన్రాడ్ నవలిక ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ ప్రస్తావన వస్తుంది. కాంగో నది నుంచి బస్తర్‌కు చేరేసరికి నయా ఉదారవాద ఆర్థిక విధానం, ఖనిజాల దోపిడి, ధనికులకు పన్ను రాయితీలు అన్నీ వచ్చేస్తాయి. అందులో నాకు విభేదం తక్కువే. అయినా ఆ పేజీలు వాదానికి అవసరం లేదు. పైగా తీర్పును తిట్టాలనుకున్నవాళ్లకు చేతికి అందే రాళ్లు అక్కడే దొరికాయి. నడుమ భాగం జోలికి వాళ్లెవరూ పోలేదు, అక్కడ రాయి తగిలే చోటు లేదు కాబట్టి. బహుశా సమయం కూడా కారణమై ఉంటుంది. ఇదే ధర్మాసనం అంతకు ముందు రోజే, జూలై 4న, నల్లధనం కేసులో ఇంకో పెద్ద తీర్పు ఇచ్చింది. జూలై 8న సుదర్శన్ రెడ్డి పదవీ విరమణ.

తీర్పు ఏం సాధించింది? ఆ నెలలోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత సహాయక సాయుధ పోలీసు బలగాల చట్టం, 2011 చేసి ఎస్పీవోలను అందులోకి చేర్చుకుంది. నవంబరులో సుప్రీంకోర్టే ఆ తీర్పు ఛత్తీస్‌గఢ్‌కు మాత్రమే వర్తిస్తుందని పరిధి తగ్గించింది. కొత్త చట్టం చదివితే నాకు నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. కనీసం ఆరు నెలల శిక్షణ అంటుంది. ముందు వరసలో నిలబెట్టకూడదంటుంది, ఎప్పుడూ భద్రతా బలగాల పర్యవేక్షణలోనే పనిచేయాలంటుంది. తీర్పు ఎత్తిచూపిన లోపాలన్నిటికీ ప్రభుత్వం కూర్చుని జవాబు రాసుకుంది. కాగితం మీద. ఆ కుర్రాళ్లలో చాలామంది తర్వాత డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డులో తేలారు. ఇవాళ బస్తర్‌లో అందరికన్నా ముందు నడిచే బలగం అదే. 2025 మే 21న మన సిక్కోలు మనిషి, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయిన ఎన్‌కౌంటరులోనూ ఆ బలగమే ఉంది. అంతకు ఆరు రోజుల ముందు, మే 15న, జస్టిస్ నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల ధర్మాసనం శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని చెప్పి 2007 నాటి ఆ కేసును మూసేసింది.

ఆ ఆగస్టులో సుదర్శన్ రెడ్డి ప్రతిపక్షాల తరఫున ఉపరాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. కేంద్ర హోంమంత్రి అమిత్ షా సల్వా జుడుం తీర్పును ఎత్తి, నక్సలిజానికి సాయపడ్డారని విమర్శించారు. అది తన సొంత తీర్పు కాదని, సుప్రీంకోర్టు తీర్పని, ఆ నలభై పేజీలు చదివి ఉంటే ఆయన ఆ మాట అనేవారు కాదేమోనని రెడ్డి జవాబిచ్చారు. చదివితే దొరికేది ఇది: మావోయిస్టుల సాయుధ పోరాటాన్ని సమర్థించే వాక్యం అందులో ఒక్కటీ లేదు. దాన్ని అణచవద్దని కూడా ఎక్కడా లేదు. ఆ పని రాజ్యం బాధ్యతేనంటుంది. దానికి చాలినంతమంది పోలీసులను, పూర్తి శిక్షణతో, పూర్తి జీతంతో, శాశ్వత ఉద్యోగులుగా పెట్టుకోమంటుంది.